బావగారి పాటల పెట్టెకు మార్కులు

మనిషి నోరు తెరిచి పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ నలభై ఏళ్లు పాడినదంతా ఒక పెట్టెలో సర్ది, మూతమీద ‘సమగ్రం’ అన్న ఒక్క మాట అచ్చు వేయించుకోవాలంటే మాత్రం కళల ధ్రువీకరణ కార్యాలయం ముద్ర కావాలి. (ముద్ర లేనివాళ్లు ‘చాలావరకు’ అని వేసుకోవచ్చు. దానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.)

ఆ కార్యాలయం మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని గదిలో, ధ్వని విభాగం పరిశీలకుడు పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. నెమ్మదస్తుడు. వచ్చిన పాటలు చెవులకు తగిలించుకుని వినడం, పద్దెనిమిది గళ్ల ఫారంలో మార్కులు వేయడం, మధ్యాహ్నం పూట చెవులు కాసేపు ఆరబెట్టుకోవడం అతని ఉద్యోగం. ఎవరినీ నెత్తికెత్తుకున్నవాడు కాడు, ఎవరినీ నొప్పించినవాడూ కాడు.

ఒక సోమవారం పొద్దున అతని బల్లమీదకి ఇటుకరంగు పెట్టె ఒకటి వచ్చింది. పదకొండు డిస్కులు, నూట నలభైమూడు పాటలు, గాయకుడి జీవితం గురించి గాయకుడే రాసుకున్న లావుపాటి పుస్తకం. అట్టమీద గిటారు పట్టుకుని దూరంగా కొండల్లోకి చూస్తున్నది అతని బావ. సొంత అక్క భర్త. (కొండలు స్టూడియో గోడకు వేసినవి.)

బావ జానపద బాణీలకు గిటారూ డ్రమ్సూ తగిలించి, తనే రాసి, తనే కట్టి, తనే పాడే మనిషి. తనకు జరగని సంగతి గురించి ఒక్క ముక్క కూడా రాయనని ఇరవయ్యో ఏట ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు పుణ్యమా అని, ఆయనతో ఒక్కసారి మాట్లాడినవాడు కూడా ఏదో ఒక పాటలో తేలాడు. పన్ను పీకిన డాక్టరున్నాడు. ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరున్నాడు. చిల్లర లేదన్న బస్సు కండక్టరు రెండు భాగాలుగా ఉన్నాడు.

పరిశీలకుడు ఫారం తీశాడు. పద్నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘పరిశీలకుడు ఈ రచనలో ఏ రూపంలోనైనా ఉన్నాడా? ఉంటే ఏ పాట, ఎన్నో చరణం, పొగడ్తగానా, మరో విధంగానా?’

ఏడో డిస్కు, నాలుగో పాట, ‘నిచ్చెన తీసుకుపోయినవాడా’. అన్ని చరణాలూ. మరో విధంగా.

పెట్టె చంకన పెట్టుకుని డైరెక్టర్ మేడమ్ గదికి వెళ్లాడు.

“మేడమ్, ఇది ఇంకెవరికైనా ఇవ్వండి. ఆయన మా బావండీ.”

“చుట్టరికం అభ్యంతరం కాదండీ. ఆ రూలు తీసేసి పదేళ్లయింది. అది ఉంటే ఆఫీసులో ఒక్క సంతకం కూడా పడేది కాదు,” అంది మేడమ్. “పాటలో ఉన్నారా?”

“ఉన్నానండీ. ఆ నిచ్చెన... నేనేనండీ.”

మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. “అది పాలకుల మీద పాట కదా? కాలేజీ రోజుల్లో మేమంతా పిడికిళ్లు బిగించి పాడాం.”

“కాదండీ. బావ డాబామీద పైపు బాగుచేస్తున్నారు. పక్కింటివాళ్లు బల్బు మార్చుకోవాలని నిచ్చెన అడిగారు. ఇచ్చాను. తర్వాత సినిమాకి టైమైపోతోందని నేను...”

“దానికి తొమ్మిది నిమిషాల పాటా?”

“ఆయన పైన ఉన్నది మూడు గంటలండీ.”

మేడమ్ సొరుగులోంచి అనర్హత పత్రం తీసి అతని ముందు పెట్టింది. “సంతకం పెట్టండి,” అంది. అతను పెట్టాడు. ఆ పాటలో రాజ్యాధికారం గురించి రెండువందల పేజీల పరిశోధన చేసిన ప్రొఫెసరుకు నిబంధన ప్రకారం ఒక నకలు పంపారు. (ఆయన సెలవు పెట్టారు. ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు.)

పెట్టె పక్క బల్లకి వెళ్లింది. ఆ బల్ల ఆసామీ ఒకప్పుడు బావ గిటారు తీగ తెంపాడట. రెండో డిస్కు. పై అంతస్తుకు వెళ్లింది. అక్కడి పెద్దమనిషి ఒక కచేరీలో ముందు వరసలో కూర్చుని ఆవులించాడట. తొమ్మిదో డిస్కు, కోరస్‌తో సహా. చివరికి మేడమే తలుపేసుకుని వినడం మొదలుపెట్టింది. పదో డిస్కులో ‘సంతకం పెట్టని చెయ్యి’ అన్న పాటను రెండుసార్లు విని, బయటికొచ్చి, “మరో విధంగా,” అని మాత్రం అంది.

ఇలాంటి సందర్భాలకే ఇరవైరెండో నిబంధన ఉంది. పరిశీలకులంతా అనర్హులైనప్పుడు, అన్ని పాటలూ విని, ఏ పాటలోనూ లేకుండా, మార్కులు వేసిన అనుభవమున్న పౌరులెవరైనా పని చేయవచ్చు. రెండు వారాలు నోటీసు అంటించారు. ఒక్కరూ రాలేదు. అన్ని పాటలూ విన్నవాళ్లంతా పాటల్లో ఉన్నారు. పాటల్లో లేనివాళ్లు మూడో డిస్కు దాటలేదు.

ఆదివారం పరిశీలకుడు ఆ కబురు చెప్పడానికి అక్క ఇంటికి వెళ్లాడు. బావ ముందుగదిలో గిటారు ఒళ్లో పెట్టుకుని, వాయించకుండా కూర్చున్నాడు. అక్క భోజనాల బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆమె లెక్కల టీచరు.

“అంటే, నన్ను తూచే మనిషే లేడంటావు,” అన్నాడు బావ. ఆ గొంతులో బాధ కొంత, గర్వం కొంత.

“రూలు ఏమని ఉందిరా?” అని అడిగింది అక్క, తలెత్తకుండానే.

తమ్ముడు చదివి వినిపించాడు. అక్క ఇంకో రెండు లెక్కలు దిద్ది, పేపరు తిరగేసి, “నేను లేనుగా,” అంది.

“ఎక్కడ?”

“పాటల్లో.”

బావ గట్టిగా నవ్వాడు. “అదేం మాట! నూట నలభైమూడు పాటల్లో నువ్వు లేకపోవడమేంటి?” అంటూ పుస్తకం తెరిచి, పాటల పట్టికమీద వేలు పెట్టుకుని కిందకి దిగసాగాడు. “ఇదిగో, ‘తలుపు తీసిన చెయ్యి’.”

“అది లాడ్జి గుమాస్తా.”

“‘నా పక్కన నడిచినదానా’?”

“కుక్క. పక్క వీధివాళ్లది.”

వేలు ఇంకా కిందకి దిగింది. కాగితం తిప్పిన చప్పుడు, ఎర్ర పెన్ను చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. “‘నువ్వు లేని ఇల్లు’ అయితే మాత్రం...”

“గిటారు రిపేరుకిచ్చినప్పుడు రాశారు.”

ఆ వేలు పదకొండో డిస్కు చివరి పాటదాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. ఫలితాల జాబితాలో తన నంబరు కోసం వెతుక్కుని, దొరక్క నిలబడిపోయిన విద్యార్థిలా ఉన్నాడు బావ.

పరిశీలకుడికి ఎటు చూడాలో తెలియలేదు. ఇరవైరెండేళ్లుగా నిచ్చెన పాట గురించి అక్క దగ్గరే గునిసేవాడు. వచ్చినప్పుడల్లా అదే గోల. అక్క “పోనీలేరా” అని కాఫీ ఇచ్చేది. తనకు కనీసం తొమ్మిది నిమిషాలున్నాయన్న సంగతి అతనికి ఇప్పుడే తట్టింది. చెవులు వేడెక్కాయి.

“అక్కా, నువ్వు రానక్కర్లేదులే,” అన్నాడు.

“ఎందుకు రాకూడదు? మంగళవారం నాకు మధ్యాహ్నం క్లాసుల్లేవు,” అంది అక్క.

మంగళవారం మేడమ్ స్వయంగా అర్హత పరీక్ష చేసింది. తమ్ముడు పక్కన కూర్చుని రాసుకున్నాడు.

“పాటలన్నీ విన్నారా?”

“ఒక్కోటి ముప్పై, నలభై సార్లండీ. పాట సగంలో ఉన్నప్పట్నుంచీ. ఆయన రాత ఎవరికీ అర్థం కాదు, అన్నీ నేనే తిరగరాసేదాన్ని.”

“అది రాతపని. పాటలో ఉన్నట్టు కాదు. పోనీ, ఎక్కడైనా ప్రస్తావన? వెనకాల ఎక్కడో గిన్నె చప్పుడు?”

అక్క ఆలోచించింది. “ఐదో డిస్కులో ఒకచోట దగ్గు ఉండాలి. ఇంట్లోనే రికార్డు చేశారు. నాదే.”

మేడమ్ డిస్కు పెట్టించి వింది. దగ్గు లేదు. ‘తొలగించబడినది’ అని రాయించింది.

“పెళ్లై?”

“ముప్పై నాలుగేళ్లు.”

మేడమ్ లేచి నిలబడి అక్కకు చెయ్యి అందించింది. “నా సర్వీసులో ఇంత నిష్పక్షపాతమైన మనిషిని చూడలేదండీ.”

అప్పుడే తలుపు తోసుకుని బావ వచ్చాడు. మూడంతస్తులూ మెట్లెక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. చేతిలో కాగితం.

“ఆగండి. పొద్దున్నే రాశాను. మా ఆవిడ గురించే. పన్నెండో డిస్కు వేయిస్తాను,” అన్నాడు. ఎవరూ అడగకముందే, గిటారు లేకుండా, ఎగశ్వాసతోనే అందుకున్నాడు.

“నా మాట తడబడిన చోటల్లా నీ చేతిరాత నిలబడింది,
నే పాడి పాడి ఆగిన చోటే నువు పలకని మాట మొదలైంది...”

ఉద్యోగంలో మొదటిసారి పరిశీలకుడు రాసుకోవడం మానేసి విన్నాడు. ఆ గిలుకుడు రాతను చదవగలిగేది లోకంలో అక్క ఒక్కతే. బల్ల అవతల నుంచి, తలకిందులుగా ఉన్న కాగితాన్నే, మిగతా చరణాలు కూడా చదివేసింది. ఆమె కళ్లు చెమర్చాయో లేదో తమ్ముడు చూడలేకపోయాడు. తన కళ్లు తుడుచుకునే పనిలో ఉన్నాడు.

“చాలా బాగుంది,” అంది మేడమ్. “ఇది పెట్టెలో చేరిస్తే ఈవిడ అనర్హురాలవుతారు. ఇంకెవరూ లేరు కాబట్టి దరఖాస్తు మూసేస్తాం. మళ్లీ పెట్టుకునే వీల్లేదు. చేర్చకపోతే ఈవిడ ఇప్పుడే మార్కులు వేస్తారు. మీ ఇష్టం.”

బావ కాగితం వంక చూశాడు. పెట్టె వంక చూశాడు. అక్క వంక చూశాడు. ఆమె పెన్ను మూత తీసి పట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడు తేల్చుకునేదాకా ఆగిన టీచరులా, అలా చూస్తూ ఉంది.

బావ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఎలాగూ బాణీ ఇంకా కుదర్లేదు,” అన్నాడు.

అక్క తల వంచుకుని గళ్లన్నీ నింపింది. ఎక్కడా కొట్టివేత లేదు. పాటలకు పదికి తొమ్మిది. “పాటలు బాగుండవని నేనెప్పుడూ అనలేదు,” అంది తమ్ముడితో, ఫారం అందిస్తూ. ‘ఇందులో లోటు ఏమైనా గమనించారా?’ అన్న చివరి గడిలో చాలాసేపు పెన్ను ఆనించి, ‘లేదు’ అని రాసింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది, ఒక్కతే.

నెల తిరక్కుండా పెట్టె బజార్లోకి వచ్చింది. దాని వెనక, బంగారు ముద్ర కింద, నిబంధన కోరిన వాక్యాన్ని పరిశీలకుడే స్వయంగా అచ్చుకు పంపాడు. ‘కళాకారుడితో ఏ సంబంధమూ లేని వ్యక్తిచే పరిశీలించబడినది.’