గీత పడని ప్రసంగం

మంత్రిగారి ఆదివారం ప్రసంగం మీద ఇకపై ఒక్క గీత కూడా పడనివ్వబోమని ప్రభుత్వం ప్రకటించింది. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ ప్రకటన రాసింది నేనే. ఆయన ప్రసంగాలు రాసేదీ నేనే. అంతటివాణ్ణి మరి!

సంగతేమిటంటే, ప్రసంగానికి ముందు టీవీలో సినిమా పాటలు అద్దంలా వచ్చేవి. ముందే రికార్డు చేసిన ప్రసంగంలో మంత్రిగారు "ప్రియమైన ప్రజలారా" అనగానే తెర నిండా తెల్ల గీతలు, బర్రుమని మోత. ప్రసంగం అయిపోయి సీరియల్ మొదలవగానే మళ్ళీ అద్దం. మంత్రిగారి ఇల్లు మా వీధి చివరే. నన్ను పిలిపించారు.

"ఇది ప్రతిపక్షం పనేనయ్యా. నా మొహం మీద గీతలు గీస్తున్నారు."

"పిరికిపందలు సార్."

"ఈ ఆదివారం పట్టుకో. పై ఆదివారం గీత కనిపించిందా, పెన్ను జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపో."

ఈ ఉద్యోగం ఊడితే నాకొచ్చిన విద్యేముంది? 'అహర్నిశలు', 'అంకితభావం' తప్ప ఇంకో ముక్క రాదు.

వెంటనే ఉన్నత స్థాయి కమిటీ వేశారు. అంటే నేనూ, కరెంటు శాఖ చీఫ్ ఇంజినీరుగారూ. ఆయన ఓ చిన్న రేడియో పట్టుకొచ్చారు. స్టేషన్ లేని చోట ముల్లు పెడితే, గీతలు పుట్టించే యంత్రానికి దగ్గరయ్యేకొద్దీ అది గట్టిగా బర్రుమంటుందట.

ఆదివారం సాయంత్రం టీవీల్లో ప్రసంగం మొదలైంది. రేడియో మా వీధి మొదటి ఇంటి దగ్గరే అరిచింది. లోపల స్కూలు మాస్టారు గోడకు డ్రిల్లు వేస్తున్నారు.

"ఇప్పుడేనా మాస్టారూ?"

"ఇంకెప్పుడు బాబూ? కాసేపాగితే సీరియల్ వచ్చేస్తుంది!"

పక్కింట్లో కుట్టుమిషను మోటారు. ఎదురింట్లో హెయిర్ డ్రయ్యరు. మోటారు తిరిగిన ప్రతిచోటా టీవీకి గీతలే. వీధి వీధంతా వారం పనులు ముగించుకుంటోంది. తీరా ఒక గేటు దగ్గర రేడియో గొంతు చించుకుంది. చీఫ్ ఇంజినీరుగారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆ గేటు మాదే.

వంటింట్లో మా ఆవిడ మిక్సీ వేస్తోంది.

"అది నేను రాసిన ప్రసంగమే!" అని అరిచాను.

"తెలుసండీ. వారమంతా పైకి చదువుతూనే రాశారు కదా. మళ్ళీ వినాలా?"

నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. కానీ మంత్రిగారితో 'ప్రతిపక్షం కాదు సార్, మా ఆవిడ' అనడం ఎలా?

"ప్రతిపక్షం మిక్సీల్లో దూరింది సార్!" అన్నాను.

"అమ్మ దుర్మార్గులు! అన్నీ ఆపించెయ్!"

మిక్సీ మిక్సీకీ పోలీసుని పెట్టలేం కదా. నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పై ఆదివారం ప్రసంగం వేళకు చీఫ్ ఇంజినీరుగారు ఊరంతటికీ కరెంటు తీసేశారు. టీవీ స్టేషన్‌కూ, మంత్రిగారి ఇంటికీ మాత్రం జనరేటర్లు ఉన్నాయి.

చీకట్లో ఫోన్ మోగింది.

"శభాషయ్యా! ఒక్క గీత లేదు. అద్దంలా ఉన్నాను. జనం ఎలా చూస్తున్నారు?"

కిటికీలోంచి వెన్నెల్లోకి చూశాను. మాస్టారు గుమ్మంలో చెంపన చెయ్యేసుకుని కూర్చున్నారు.

"ఎక్కడివాళ్ళక్కడే కూర్చుండిపోయారు సార్. ఒక్కరూ లేచి పనిలోకి వెళ్ళలేదు."

మంత్రిగారు మురిసిపోయారు. "వచ్చే వారం నుంచి ప్రసంగం గంటసేపు చేసేద్దాం" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. చీకట్లోంచి మా ఆవిడ, "ఈ వారం ఏం రాశారండీ?" అంది. పెళ్ళయిన ఇన్నాళ్ళకు మొదటిసారి అడిగింది! నాకు ఒళ్ళు పులకరించింది.

"ఇంటింటా వెలుగు" అన్నాను.

"బావుంది. ఆ అగ్గిపెట్టె ఎక్కడుందో కాస్త వెతకండి."