నూరువరహాలు, అరంగుళం తేడా

పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరుతూ టైలరుగారి భార్య నీరసంగా ఒక మాట చెప్పింది. "సాయంత్రం మా ఆఫీసువాళ్ళు అయిదుగురు మన పూలమొక్కలు చూడ్డానికొస్తారట. వద్దంటే వినరే!"

ఆయన మనసు చివుక్కుమంది. గేటుకు అటొకటి ఇటొకటి ఆవిడ ప్రాణంగా పెంచుకుంటున్న నూరువరహాల మొక్కలు రెండేళ్ళయినా ఒక్క పువ్వు పూయలేదు. పైగా చింపిరి జుట్టులా పెరిగాయి. కనీసం తీరుగానైనా ఉంటే ఆవిడ పరువు దక్కుతుంది కదా! ఆయన కుట్టుమిషనుకు సెలవిచ్చి, మెడలో టేపు వేసుకుని, కత్తెర పట్టుకుని రంగంలోకి దిగారు.

ఎడమ మొక్క కత్తిరించారు. కొలిస్తే కుడిది అరంగుళం ఎక్కువ. దాన్ని తగ్గించారు. ఇప్పుడు ఎడమది ఎక్కువ. ముప్పై ఏళ్ళుగా చొక్కా చేతులు సమానంగా కుట్టిన మనిషి ఊరుకుంటారా? మధ్యాహ్నానికి రెండూ కచ్చితంగా సమానమయ్యాయి, జానెడు మోళ్ళుగా.

పక్కింటి పిన్నిగారు గోడమీంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం పని నాయనా! కొమ్మకొమ్మకీ మొగ్గలేశాయి, చూసుకోలేదా?"

ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సరీకి పరుగెత్తారు.

"పూసినవి పసుపువే ఉన్నాయండీ," అన్నాడు నర్సరీ ఆయన.

"మావి ఎర్రపూల రకమయ్యా! ఇంకా పూయలేదనుకో."

"పూయని మొక్క రంగు ఎవరికి తెలుసండీ?"

ఆ ధైర్యంతోనే రెండు కొని, మోళ్ళను పెరట్లోకి తరలించి, గేటు దగ్గర కొత్తవి పాతారు. చేతులు కడుక్కునేలోగా గేటు చప్పుడైంది. భార్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. వెనక అయిదుగురు.

"అబ్బ! రోజూ నువ్వు తెచ్చే పసుపు పూలే! బజార్లో కొంటున్నావని వీళ్ళంతా ఒకటే గొడవ," అందొకావిడ.

భార్య ఆయన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మీకెలా తెలిసిందండీ?"

"ఏం తెలిసింది?"

"రోజూ ఓ గుత్తి కొని, మన చెట్టువేనని గొప్పలు పోతున్నా. ఇవాళ పట్టుబడిపోతానని పొద్దుట్నుంచీ కాళ్ళూచేతులూ ఆడలేదు. దేవుడిలా కాపాడారు!"

దేవుడు నీళ్ళు నమిలాడు. "ముందు పెరట్లోకి వెళ్ళి చూడవే."

చూసింది. నోట్లో కొంగు కుక్కుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. "చాల్లెండి, దొందూ దొందే," అని ఆయన భుజానికి తల ఆనించింది. ఆయన ఇంత హాయి ఈమధ్య ఎరుగరు.

ఇంతలో ముందుగదిలోంచి కేక వినిపించింది. "మా అందరికీ మీ చెట్టునుంచి తలో అంటు కట్టివ్వాలి, సరేనా?"

"అంతకన్నానా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మర్నాడు ఆలుమగలు చేయీచేయీ పట్టుకుని నర్సరీకి వెళ్ళి, మరో అయిదు మొక్కలు కొన్నారు.