మడుగుదొర సిద్ధాంత పరీక్ష

ఒక పెద్ద అడవిలో, పెద్దదని అక్కడి జంతువులే చెప్పుకునేవి, నేనేమీ కొలిచి చూడలేదు, ఒకే ఒక మడుగు ఉండేది. వానాకాలంలో ఎక్కడ చూసినా గుంటలే కనక ఆ మడుగును ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎండలు ముదిరాయంటే మాత్రం ఏనుగు నుంచి ఎలుక దాకా అందరికీ అదే దిక్కు. ఆ మడుగులో ఒక మొసలి కాపురముండేది. దాన్ని అందరూ భయంతో, మర్యాదతో మడుగుదొర అనేవారు.

అక్కడ నీళ్లు తాగడానికి ఒక ఆచారం ఉంది. మడుగు అంచు దాకా రావాలి, మూడడుగులు వెనక్కి వేయాలి, మళ్లీ ముందుకొచ్చి అప్పుడు మూతి దించాలి. ఎందుకలా అని అడిగితే పెద్దలు చెప్పారు అనేవారు. పెద్దలెందుకు చెప్పారు అని అడిగితే, అడిగినవాడి వంక అదోలా చూసేవారు.

వాళ్లు చెప్పకపోతే నేను చెబుతాను. మడుగుదొర ముత్తాతకి తొందర ఎక్కువ. గట్టు మీద అడుగు చప్పుడు వినబడితే చాలు, ఎగిరి పడేవాడు. అందుకని ఆనాటి పెద్దలు అంచుదాకా వచ్చి, చటుక్కున వెనక్కి జరిగి, వాడు గాలిని కొరికి మునిగాక నీళ్లు తాగేవారు. అప్పటికి అది తెలివైన పనే. అయితే మొసళ్లకి మాత్రం బుర్ర లేదా? రెండు మూడు తరాల్లో వాళ్లూ లెక్క నేర్చుకున్నారు. ఒకటి, రెండు, మూడు అని నీళ్లలో ఎంచుకుంటూ కూర్చుని, నాలుగో అడుక్కి నోరు తెరిచేవారు. ఆచారం ఎవరిని కాపాడాలని పుట్టిందో వాళ్లనే ఇప్పుడు వేళకి తెచ్చి వడ్డిస్తోంది. అయినా జంతువులు మూడడుగులూ వేస్తూనే ఉన్నాయి.

ఈ గొడవ కనిపెట్టినవాడు అడవి అధ్యక్షుడు భల్లన్న. ఎలుగుబంటి. మహా మేధావేం కాదు, కానీ దాహమెక్కువ. మడుగు గట్టున రాళ్లు గుట్టగా పోగేసి, తాగేముందు ఒక రాయి నీళ్లలో వేయమన్నాడు. నీళ్లలో ఏం పడినా కొరకడం మొసలి వంశానికి అలవాటు. రాయి పడ్డచోట మడుగుదొర ఎగిరి పడేవాడు, వీళ్లు ఇంకోపక్క చల్లగా తాగి పోయేవారు. రెండు వేసవులు ఒక్క ప్రాణం పోలేదు. దాంతో మొసలి భయమంతా ఉత్తదేనని, ఎవరో పుట్టించారని అడవిలో పేరున్న వాళ్లందరూ అనడం మొదలుపెట్టారు.

మూడో వేసవికి అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఆ అడవిలో పూర్వాచార పక్షం ఎవరిని నిఖార్సైన ఆచారవంతుడంటే వాళ్లే గెలుస్తారు. రాళ్లు వేయడం మన పెద్దల పద్ధతి కాదని ఆ పక్షానికి ఎప్పటినుంచో కడుపుమంట. ఈసారి పైపై మాటలవాళ్లకి మోసపోకూడదని, అభ్యర్థుల సిద్ధాంతం అసలుదో నకిలీదో తేల్చడానికి ముగ్గురితో ఒక సంఘం వేశారు.

సంఘానికి పెద్దగా ఉన్నది కణితి, అంటే పెద్ద కొమ్ముల జింక. ఆయన్ని కొమ్ముల పెద్దయ్య అంటారు. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగుతాడు. ఆ ఆగినంతసేపూ ఆలోచిస్తున్నాడని అందరి నమ్మకం, ఆయనది కూడా. రెండోవాడు ముళ్లపంది శూలపాణి. ఎవరిని చూసినా నటిస్తున్నాడని అనుమానం. మూడో ఆమె దుప్పి, చుక్కమ్మ. ఆడవాళ్లు ఒకరైనా ఉండాలన్నారని పెట్టి, జరిగింది రాసే పని అప్పజెప్పారు.

చుక్కమ్మకి నెలలు నిండాయి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మడుగుకి వెళ్లక తప్పదు. మొసలి మీదకొస్తే ఆ భారంతో వెనక్కి ఎగరడం ఆమె వల్ల కాదు. భల్లన్న రాళ్లు ఉన్నాయి కాబట్టే ఇంతకాలం నెట్టుకొచ్చింది. రాళ్లు పోతే తన గతేమిటో ఆమెకి బాగా తెలుసు, సంఘంలో ఇంకెవరికీ ఆ బెంగ లేదు.

మొదట భల్లన్ననే పిలిచారు. మూడడుగులు వేస్తావా అని శూలపాణి అడిగితే, వేస్తానండీ, రాయి కూడా వేస్తానన్నాడు. ఆచారం ముఖ్యమా, దాహం తీరడం ముఖ్యమా అని పెద్దయ్య అడిగాడు. పిచ్చివాడు, దాహమే అని ఉన్నమాట చెప్పేశాడు. అతన్ని అక్కడికక్కడే పంపించేశారు.

తరువాత నక్క వచ్చి పూర్వీకుల్ని తలుచుకుని అరగంట ఏడ్చింది. ఆ పొద్దున్నే మడుగు దగ్గర రెండడుగులే వేసిందని శూలపాణి సాక్ష్యంతో సహా పట్టుకున్నాడు. ఆ తరువాత వచ్చిన నలుగురూ నక్క కంటే బాగా ఏడ్చారు. ఏడ్చినకొద్దీ శూలపాణికి ముళ్లు లేచాయి. అడవిలో నిజమైన ఆచారవంతుడనేవాడే మిగల్లేదా అని పెద్దయ్య దిగులుపడిపోయాడు.

అప్పుడు మడుగుదొర నామినేషన్ వేశాడు. బయటికి రానన్నాడు, కాబట్టి సంఘమే మడుగు దగ్గరికి వెళ్లి కాస్త దూరంగా కూర్చుంది. అతని కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు. శూలపాణికి అది చూడగానే సగం నమ్మకం కుదిరింది.

"మీ అభిప్రాయాలు ఎప్పుడైనా మార్చుకున్నారా?" అని పెద్దయ్య మొదలుపెట్టాడు.

"లేదండి. మా తాత ఇదే నీళ్లలో, ఇదే రాయి పక్కన, ఇదే మాట మీద ఉన్నాడు. నేనూ అంతే."

"మూడడుగుల ఆచారం మీద మీకు నిజంగా అభిమానం ఉందా, లేక ఎన్నికల కోసమా?" అన్నాడు శూలపాణి.

"అభిమానమని చిన్నమాట అంటారేమిటండీ," అన్నాడు మడుగుదొర. "అదే నా జీవనాధారం. మా ఇంట్లో పిల్లలు గుడ్డులోంచి రాగానే ముందు నేర్పేది ఆ మూడు వరకూ లెక్కే."

తమ ఇళ్లలో పిల్లలకి ఎవరూ ఏమీ నేర్పడం లేదని గుర్తొచ్చి పెద్దయ్య సిగ్గుపడ్డాడు. మరి ఆ రాళ్ల సంగతేమిటని అడిగాడు.

"ఆ రాళ్లు నా కడుపు కొట్టాయండీ," అన్నాడు మడుగుదొర. ఆ గొంతులో బాధ నిజమైనది. నటనని వాసన పట్టే శూలపాణే తల వంచుకున్నాడు.

చుక్కమ్మ రాస్తున్నది ఆపింది. "దొరగారూ, తమరేం తింటారు?" అని అడిగింది.

పెద్దయ్య అదిరిపడ్డాడు. సిద్ధాంతాల గురించి మాట్లాడుతుంటే తిండి గొడవేమిటమ్మా అన్నాడు. అభ్యర్థి వంటింట్లోకి తొంగి చూడటం మన మర్యాద కాదన్నాడు. మడుగుదొర మాత్రం, అడగనివ్వండి, నేను దాచేవాణ్ణి కాను, చెబుతాను అన్నాడు. పెద్దయ్య చేతులెత్తి వద్దు వద్దని బతిమాలాడు. ఒక పెద్దమనిషి చేత అంత చిన్న ప్రశ్నకి జవాబు చెప్పించడం తన వల్ల కాదన్నాడు.

సంఘం తీర్పు ఆ రోజే వచ్చింది. మడుగుదొర నిఖార్సైనవాడు, ఇంత నిఖార్సైనవాణ్ణి అడవి ఎన్నడూ చూడలేదు. చుక్కమ్మ ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోని సంగతి కూడా నమోదు చేశారు, అది కూడా ఆమెనే రాయమన్నారు.

మడుగుదొర గెలిచాడు. వేసిన మొదటి ఉత్తర్వు రాళ్లు తీసేయమని. భల్లన్న పోగేసిన రాళ్లు భల్లన్న చేతే మోయించారు. గట్టు పైన పొద దగ్గర చుక్కమ్మ పడుకుని ఉంటే, నిండు చూలాలిని లేపడం ఎందుకని వదిలేశారు. ఆమె పొట్ట కింద ఒక రాయి ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ప్రమాణ స్వీకారం. అడవంతా మడుగు చుట్టూ చేరింది. దండ వేసే గౌరవం కొమ్ముల పెద్దయ్యది. ఆయన దండ నోట కరిచి అంచుదాకా వచ్చి, ఆచారం ప్రకారం వెనక్కి అడుగులు వేస్తుంటే, జనమంతా ఉత్సాహంగా ఒకటి, రెండు, మూడు అని గొంతెత్తి లెక్కపెట్టారు. మడుగుదొరకి ఆ రోజు తన లెక్క తాను పెట్టుకునే పని కూడా లేకపోయింది.

పెద్దయ్య ముందుకొచ్చి తల వంచాడు. నీళ్లు భళ్లుమన్నాయి. మడుగుదొర ఆయన కుడి కొమ్ము పట్టుకుని లోపలికి లాగాడు. గట్టు మీద అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు పెద్దయ్యని కావలించుకుంటున్నాడని, ఎంత ఆప్యాయతో చూడండని శూలపాణి పక్కవాళ్లకి చెప్పాడు. పెద్దయ్య మోకాళ్ల లోతు దాటి మెడ లోతుకి వెళ్లేదాకా చెబుతూనే ఉన్నాడు.

చుక్కమ్మ పొద దగ్గర నుంచి లేచింది. పొట్ట కింద మిగిలిన రాతిని గిట్టతో ఒక్క తోపు తోసింది. అది దొర్లుకుంటూ పోయి మడుగులో దబ్బున పడింది. మడుగుదొర సిద్ధాంతం గలవాడు కదా, నీళ్లలో ఏం పడినా కొరకమని తాతలు చెప్పారు. పెద్దయ్యని వదిలి రాయి మీద పడ్డాడు. ఆ విసురుకి కొమ్ము విరిగింది. పెద్దయ్య మిగతా శరీరంతో గట్టెక్కాడు.

మొసలి రాయి నమలడంలో ఉండగానే చుక్కమ్మ అవతలి పక్కకి నడిచి, మూతి దించి, తాపీగా కడుపునిండా తాగింది. ముందుకీ వెనక్కీ ఒక్క అడుగు వేయలేదు. ఆచారం తప్పావని అనడానికి ఆ పూట ఎవరికీ నోరు రాలేదు. మర్నాటికి భల్లన్నతో ఎవరూ ఏమీ చెప్పకుండానే రాళ్లు మళ్లీ గట్టుకి చేరాయి.

సంఘం మాత్రం మరోసారి కూర్చుంది. తీర్పులో తప్పు జరిగిందా అని ఎవరో అడిగితే, ఒంటికొమ్ము పెద్దయ్య చాలాసేపు ఆగి, తప్పెక్కడిది, ఆయన సిద్ధాంతం అక్షరాలా నిజమైనదే, పోయిన నా కొమ్మే సాక్ష్యం అన్నాడు. శూలపాణికి మాత్రం ఇప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. అంత నిఖార్సైనవాడైతే పెద్దయ్యని సగంలో ఎందుకు వదిలేశాడని అతని బాధ. ఈ మాట కూడా చుక్కమ్మ రాసుకుంది.

నీతి: నాయకుడి సిద్ధాంతం అసలుదా నకిలీదా అని తేల్చే ముందు, ఆ సిద్ధాంతంలో మనం ఏ పూట భోజనమో అడిగి తెలుసుకోవాలి.