మీ ఫోన్లో నా ఏడుపు

నటుడికి ఈ లోకంలో దక్కగలిగిన అత్యున్నత గౌరవం వాట్సాప్ స్టిక్కర్ కావడమే! అవార్డులూ సన్మానాలూ దాని తర్వాతే. కప్పిన శాలువా ఇంటికెళ్లగానే బీరువాలోకి పోతుంది. స్టిక్కరైతే ఎప్పుడూ మీ జేబులోనే ఉంటుంది.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ? చెప్పినా మీకు తెలియదు. పేరు శాంతికుమార్, ఊరు ఉదయగిరి, వృత్తి నటన. పేరుతో పనిలేదు, ఫోన్ తీయండి. నోరు సగం తెరిచి, కనుబొమలు పైకి లాగి, గడ్డం వణికిస్తూ ఏడుస్తున్న తలపాగా మనిషి ఒకడు ఉంటాడు చూడండి. ఆ, వాడే. నమస్కారం!

చచ్చిన ఎద్దు మీద పడి ఏడ్చే సీను అది. పోస్టరు మీద ఎద్దు బొమ్మ వేశారు, నాది వేయలేదు. అయితేనేం? సినిమా వారం కూడా ఆడలేదు గానీ, నా ఏడుపు ఈనాటికీ హౌస్‌ఫుల్!

ఆత్మకూరులో బస్సు తప్పిపోయిందా? నా ముఖం. బిర్యానీలో ముక్క రాలేదా? నా ముఖం. చేజర్లలో కరెంటు పోయినా, అనంతసాగరంలో చుట్టాలు ఇంకో రెండు రోజులు ఉండిపోతామన్నా నా ముఖమే. మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే, డ్రైవర్ జానీ బాషా అద్దంలో నన్ను చూసి బండి పక్కకు ఆపాడు. పేరు అడగలేదు. "అన్నా, ఒక్కసారి ఏడవన్నా" అన్నాడు. ఏడ్చాను. వీడియో తీసుకుని, దండం పెట్టి, నన్ను నేను చెప్పిన చోట దించి వెళ్లాడు. హీరో అయితే ఇదే అభిమానం కోసం పదిమందిని కొట్టాలి, కొండ మీద డాన్సు చేయాలి. నాకా శ్రమ లేదు.

ఇంత గొప్ప ఏడుపు ఎక్కడ నేర్చుకున్నారని ఒక యూట్యూబ్ చానెలు అమ్మాయి అడిగింది. నేను కళ్లు మూసుకుని, అది లోపలి నుంచి వస్తుందని సెలవిచ్చాను. నిజానికి అది మా అమ్మ రెబెకమ్మ నుంచి వచ్చింది.

మాది బాప్టిస్టు కుటుంబం. సినిమా పాపమని అమ్మ ఈనాటికీ హాలు గడప తొక్కలేదు. అయితే కొడుకు పస్తులుండటం అంతకంటే పెద్ద పాపమని తనకు తానే ఒక తీర్మానం చేసుకుని నన్ను వదిలిపెట్టింది. చిన్నప్పుడు ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. అందరూ రెండు కళ్లూ మూసుకునేవాళ్లు, నేను ఒకటే మూసేవాణ్ణి. రెండోదానితో అమ్మను చూసేవాణ్ణి. నాయన జ్వరం తగ్గాలని, చేలో వాన పడాలని అడుగుతుంటే ఆమె నోరు సగం తెరుచుకునేది, కనుబొమలు పైకి పోయేవి, గడ్డం వణికేది. అలా అడిగితే దేవుడైనా ఎలా కాదంటాడు అనిపించేది. ఎద్దు సీనులో డైరెక్టర్ ఏడవమనగానే నాకు ఆ ముఖమే గుర్తొచ్చింది. అచ్చు గుద్దినట్టు దింపేశాను.

పోయిన నెల ఉదయగిరి వెళ్లాను. ఆదివారం ఆరాధనలో అమ్మ ప్రార్థన చేయడానికి లేచింది.

"ప్రభువా, నా బిడ్డ ఇన్నేండ్లుగా తిరగతానే ఉండాడు. వాడి మొఖం పదిమందికీ తెలిసేటట్టు చెయ్యి తండ్రీ" అని, ఎప్పటిలాగే ఏడ్చింది.

వెనక వరుసల్లో పిల్లకాయలు కళ్లు మూసుకుని ఉండాల్సింది. నాలాంటి వాళ్లే, ఒక కన్ను తెరిచారు. ముందు ఎవరిదో ముక్కు చప్పుడైంది. తర్వాత వరుస మొత్తం నోటికి చున్నీలూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. వాళ్ల తప్పేముంది? రోజూ ఫోన్లో చూసి నవ్వుకునే ముఖం, తలపాగా తీసేసి ఎదురుగా నిలబడి ప్రార్థన చేస్తోంది! పాస్టరు గారు గట్టిగా దగ్గారు. అమ్మ ఆమెన్ అనకుండానే కూర్చుంది.

ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అడిగింది. "నేను ప్రార్థనలో ఏమన్నా తప్పు మాట్లాడినానా నాయనా?"

లేదమ్మా, పిల్లకాయలు ఇంకేదో చూసి నవ్వుకున్నారు అన్నాను. ఎద్దు కోసం ధారలు కార్చిన మహానటుణ్ణి, ఆ ఒక్క మాట అనేటప్పుడు మామూలు ముఖం పెట్టలేకపోయాను. చాలా సిగ్గేసింది. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అలవాటు కొద్దీ ఒక కన్ను తెరిచాను. అమ్మ ముఖం మీదికి కొంగు లాక్కుని ఉంది.

కాబట్టి స్టిక్కర్ కావడం వరమే, నేను మాట తప్పను. అమ్మ ప్రార్థనను దేవుడు ఆమె అడగకముందే విన్నాడు, పదిమందికీ తెలిసింది. కాకపోతే తెలిసింది నా ముఖం కాదు, ఆమెది. మీకు నవ్వుకోవడానికి ఒకటి కావాలంటే చెప్పండి, అన్నం ముందు కూర్చుని అబద్ధమాడిన నా ముఖం పంపిస్తాను. అది పూర్తిగా నా సొంతం, ఎంతమందికైనా పంచండి. పాతది మాత్రం తీసేయండి. మా అమ్మ కొంగు తీసి ప్రార్థన చేసుకోవాలి.