నీడలో కుర్చీ

మూతలు తయారుచేసే ఆ కంపెనీలో కాపలా ఉద్యోగానికి వచ్చిన నలభై మూడు దరఖాస్తుల్లో నలభై రెండు అక్కడి ఉద్యోగులు పెట్టుకున్నవేనని సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి బయటపడింది. నలభై మూడోది ఎవరిదో తరవాత చెబుతాను, కంగారుపడకండి.

దరఖాస్తులు తెరిచి చూసిన సిబ్బంది అధికారి తలుపు గడియ పెట్టుకుని మంచినీళ్లు తాగారు. ఆ దరఖాస్తుల్లో ఆయనది కూడా ఉంది.

కాస్త వెనక్కి వెళ్లాలి. గేటు దగ్గర కాపలా తాత మూడేళ్ల కిందటే పని మానేస్తానన్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి. కాళ్లాడుతుండగానే ఇంటావిడతో నాలుగూళ్లు చూడాలని కోరిక. న్యాయమైన కోరికే కనుక యాజమాన్యం పెద్దమనసుతో ఒప్పుకుంది: బదులు మనిషి దొరికిన క్షణమే వెళ్లొచ్చు.

మనిషిని వెతకడానికి కమిటీ వేశారు. కాపలావాడు అనే మాట సంస్థ హోదాకు తగదని కమిటీ తేల్చి, ఉద్యోగానికి 'ప్రాంగణ భద్రతా వ్యూహకర్త' అని నామకరణం చేసింది. వయసు ఇరవై రెండు మించరాదు, అనుభవం పదేళ్లకు తగ్గరాదు. 'మనదంతా ఒకే కుటుంబం' అని కూడా రాశారు. ఒక్కరూ రాలేదు. కుటుంబం సంగతి ఎవరి ఇంట్లో వాళ్లకు తెలుసు కాబోలు.

తరవాత సెర్చ్ నిపుణుణ్ణి పిలిపించారు. నెట్‌లో ఉద్యోగాలు వెతికితే ప్రకటన పద్నాలుగో పేజీలో మూలుగుతోందని ఆయన కనిపెట్టి, పన్నెండు వాక్యాల్లో 'ఉద్యోగం' అనే మాటను ముప్ఫై ఒక్కసార్లు ఇరికించారు. ప్రకటన పదమూడో పేజీకి ఎగబాకింది. అభినందన సభ జరిగింది. "పద్నాలుగు నుంచి పదమూడుకు వచ్చినవాళ్లం, ఒకటికి రాలేమా?" అని మేనేజరుగారు గంటన్నర ప్రసంగించారు. తాత గేటు దగ్గర మోకాళ్లకు మందు రాసుకున్నాడు.

అలాంటిది మొన్న శుక్రవారం ఆ ప్రకటన మొదటి పేజీలో మొదటి వరుసలో తేలింది. ఎవరో దాన్ని పూర్తిగా మార్చేశారు.

"కాపలా పని. కుర్చీ నీడలో ఉంటుంది. మీటింగులు లేవు. డ్యూటీ దిగాక ఎవరూ ఫోన్ చెయ్యరు. వేళకి ఇంటికెళ్లి అన్నం తినొచ్చు."

సంస్థ పేరు లేదు. పేరు చూస్తే ఎవరూ రారని దాన్ని వేయకపోవడం అక్కడి ఆనవాయితీ. రోజుకు రెండుసార్లు దాటే గేటే అయినా ఆ నలభై రెండు మందిలో ఒక్కరూ గుర్తుపట్టలేదు.

మేనేజరుగారు విచారణకు కూర్చున్నారు. "ఇలాంటి ఉద్యోగం భూమ్మీద ఎక్కడా ఉండదు. జనాన్ని మోసం చేసినవాణ్ణి వదిలేది లేదు" అన్నారు. శనివారం ఆయన పెట్టుకున్న దరఖాస్తు నాలుగు పేజీలు. చివర 'రేపే చేరగలను' అని ఉంది.

పదిన్నరకు ఆధారం దొరికింది. ఉద్యోగాల సైటు పాస్‌వర్డ్ మరిచిపోకుండా సిబ్బంది అధికారి దాన్ని గేటు రిజిస్టరు అట్ట మీద రాసుకున్నారు. తాతను పిలిపించారు. కూర్చోమనలేదు.

"నీ చేత ఎవరు రాయించారు?" అన్నారు మేనేజరుగారు.

"ఎవరో ఎందుకు రాయిస్తారయ్యా, నేనే రాశాను, నా ఫోన్‌లో. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. సాయంత్రం గేటు దాటుతూ మీరంతా ఇంటివాళ్లకి ఫోన్ చేసి ఏం కావాలని గోలపెడతారో, ఆ మాటలే ఏరి పెట్టాను. లోకమంతా వెతికేవి కూడా అవేనని నాకేం తెలుసు? ఒక్క అబద్ధం రాస్తే ఒట్టు. నా కుర్చీ గురించే రాశాను. మూడేళ్లాగాను. నలుగురూ మోసుకొస్తే తప్ప ఇంటికి రావా అంటోంది మా ఆవిడ. వచ్చిన దరఖాస్తులన్నీ ఫోన్‌లో చూశాను, ఆ నలభై మూడోది ఓనరుగారిది. కుర్చీని గుర్తుపట్టింది ఆయనొక్కరే. మీరు పిలిచారని ఇందాక లేచానా, కారు దిగి వచ్చి అందులో కూర్చున్నారు, ఇక లేవనంటున్నారు. తాళాలు చేతిలో పెట్టేసి వచ్చాను. బదులు మనిషి దొరికినట్టే కదయ్యా, వెళ్లొస్తాను."