దొరసాని దవడ

ఆ ఉదయం ఫొటో స్టూడియో యజమాని పెట్టుకున్న పని ఒక్కటే: షాపు అద్దం వెనక ఉన్న కొత్తజంట ఫొటో తీసేసి, తన మేక దొరసాని ఫొటో పెట్టడం. కాకిపిల్ల కాకికి ముద్దే గాని, దొరసాని దవడ కింద ఈమధ్య వచ్చిన నిండుదనం ఏ మేకకుందో చెప్పండి! భార్య కూతురి దగ్గరికి వెళ్ళిన ఈ నెల్లాళ్ళూ దాన్ని మేపింది ఆయనే మరి.

ఎదురుషాపు దర్జీకి కన్ను కుట్టింది. "ఏం పెడుతున్నావు బావా?" అని ఆరా తీశాడు.

"కాలవగట్టున పొట్టిగడ్డి ఉంది చూడు, పొద్దున్నే తడి ఆరకముందే మేపాలి. అదీ కిటుకు."

మర్నాటికల్లా వీధిలో మేకలన్నీ కాలవగట్టునే ఉన్నాయి.

రెండ్రోజులకు భార్య దిగింది. ఆమె సంచి కింద పెట్టకముందే ఆయన మేకను ముందుకు తోశాడు. "చూడు, నువ్వు లేకపోయినా ఎలా సాకానో."

ఆమె మేక కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన లోపలి భాగం తెల్లగా పాలిపోయింది.

"ఇది కండ కాదండీ, నీరు. పొట్టలో పురుగులు రక్తం పీల్చేస్తే ఇలాగే దవడ కిందికి నీరు దిగుతుంది. ఆ తడిగడ్డిలోనే ఉంటాయి వాటి పిల్లలు. మేత తింటోందా?"

"నిన్నటినుంచి కాస్త బెట్టు చేస్తోంది. దొరసాని కదా అనుకున్నా."

పశువుల డాక్టరు మేకను తూచి, బరువుకు తగ్గ మందు తాగించాడు. "రక్తం బాగా తగ్గింది. మేత ముడితే బతుకుతుంది" అన్నాడు.

ఆయన స్టూడియో మూసేసి పాకలోనే కూర్చున్నాడు. లేతాకులు నోటికందించినా దొరసాని మూతి తిప్పుకుంది. "నా గొప్పలే దీని ప్రాణం మీదికి తెచ్చాయి" అని ఏడ్చినంత పని చేశాడు. భార్య వీధిలో మేకలన్నిటి రెప్పలూ చూసింది, పెంటికలు పరీక్షకు పంపించింది, కాలవగట్టు మేత మాన్పించింది.

సంగతి తెలిసి దర్జీ, తను కుట్టుకున్న కొత్త చొక్కా తొడుక్కుని మరీ, పోట్లాటకు వచ్చాడు. పాక దడి మీద చెయ్యి ఆనించి మొదలెట్టాడు. "నీ కిటుకు తగలెయ్య. మా కొంప ముంచేవాడివి కదయ్యా. మా చెల్లెమ్మ రాబట్టి సరిపోయింది గాని..."

దర్జీకి చెయ్యి ఎవరో లాగుతున్నట్టనిపించింది. దొరసాని లేచి నిలబడి ఆయన చొక్కా చెయ్యి తాపీగా నములుతోంది.

"కదలకు బావా, నీకు పుణ్యముంటుంది" అని స్టూడియో ఆయన దర్జీని గట్టిగా వాటేసుకున్నాడు. "తిననీ."

భార్య కళ్ళు తుడుచుకుంది. "ఆకలి పుట్టిందండీ. ఇక గండం గడిచినట్టే."

"చూశావా మా ఆవిడ వైద్యం?" అన్నాడాయన, ఛాతీ విరుచుకుని.

దర్జీ ఆ చొక్కాకు రెండో చెయ్యి మళ్ళీ కుట్టలేదు. అడిగినవాళ్ళకు కొత్త ఫ్యాషనని చెబుతున్నాడు.