వదిన పట్టిన అరవై నాలుగు

వీధంతా వదిన అని పిలిచే ఆ కుట్టుపనావిడ దుకాణంలో ఆ ఉదయం కార్యక్రమం చాలా చిన్నది. మొరాయించిన కంప్యూటర్‌లో మరిది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాడు. దానికి తగిలించిన ఎంబ్రాయిడరీ మిషన్ మీద వదిన ఆటల మాస్టారి జట్టుకు బ్యాడ్జీలు కుట్టి సాయంత్రానికి అప్పగిస్తుంది. ఆలస్యమైతే ఇకమీదట బడి పనంతా ఎదురు దుకాణానికేనని మాస్టారు ముందే చెప్పేశాడు. ఆ పని పోతే వదిన దుకాణం మూసుకోవాల్సిందే.

"ముప్పై రెండు బిట్ల సిస్టమ్ వేస్తున్నా వదినా," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే మరిది.

"ఎదురు దుకాణంలో ఏముంది?"

"అరవై నాలుగు. కానీ..."

"అంటే ఆవిడకి నిండుగా, నాకు సగమా?"

"అయ్యో, ఇదేమన్నా వడ్డనా వదినా! మన మిషన్ పాతది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ముప్పై రెండులోనే పనిచేస్తుంది."

"ఆవిడ ‘అరవై నాలుగు బిట్ల ఎంబ్రాయిడరీ’ అని బోర్డు కూడా పెట్టింది. నేనేం తక్కువ తిన్నానా? అదే వెయ్యి. తర్వాత సంగతి నేను చూసుకుంటా!"

వదిన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మరిది వేశాడు. కంప్యూటర్ తళతళలాడింది. మిషన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"తీగ పోయుంటుంది," అంది వదిన. తీగ మార్చారు. "అయితే ప్లగ్గే!" అంటూ, మరిది వద్దు మొర్రో అంటున్నా వినకుండా స్క్రూడ్రైవర్ పెట్టింది. టప్‌మంది. ఇంకేముంది, భవనమంతా కరెంటు పోయింది. పై అంతస్తు క్షౌరశాల నుంచి సగం గడ్డంతో ఒకాయన చిందులు తొక్కుతూ దిగొచ్చాడు. తీరా చూస్తే ఆటల మాస్టారే!

"నా బ్యాడ్జీలేవమ్మా?"

వదిన స్క్రూడ్రైవర్ వెనక్కి దాచేసింది. అయినా తల దించితేగా!

"ముందు మీ గడ్డం పూర్తవనివ్వండి మాస్టారూ!"

ఆయన గొణుక్కుంటూ మెట్లెక్కాడు. మరిది ఫ్యూజు వేసి, "ఇప్పటికైనా ముప్పై రెండుకి..." అన్నాడు.

"ప్రాణం పోయినా వెనక్కి తగ్గను! భోజనానికి వెళ్తున్నా. మెల్లగా తింటా. బాగా మెల్లగా. వచ్చేసరికి మిషన్ నడవాలి. ఎలా నడిచిందో నాకు చెప్పక్కర్లేదు."

మరిదికి అర్థమైంది. ఆమె తిరిగొచ్చేసరికి మిషన్ టకటకా కుడుతోంది.

"చూశావా, అరవై నాలుగంటే ఇదీ!" అంది వదిన వీధికి వినబడేలా. మరిది దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం నున్నటి రెండు బుగ్గలతో వచ్చి మాస్టారు బ్యాడ్జీలు పట్టుకెళ్లాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, ఎదురు దుకాణం ఆవిడ సంచీతో లోపలికి దూరింది.

"నీదీ అరవై నాలుగేనట కదా వదినా! వేయించిన దగ్గర్నుంచీ నా మిషన్ కదలట్లేదు. బోర్డు తీస్తే పరువు పోతుంది. ఇవి కాస్త కుట్టిపెడుదూ! అసలు నీకెలా నడుస్తోంది?"

వదిన మరిది వైపు చూడలేదు. సంచీ అందుకుంది.

"తెగువ ఉండాలమ్మా," అంది.

మర్నాడు వదిన గుమ్మానికీ ఒక గుడ్డ బోర్డు వేలాడింది: ‘అరవై నాలుగు బిట్ల ఎంబ్రాయిడరీ’. ఆ అక్షరాలు కుట్టింది మాత్రం ముప్పై రెండే.